సుషీ పక్కన ఏ గ్లాసు?

టోక్యోలో ఉద్యోగం చేస్తున్న మా భాంజీ మొన్న జుమ్మా రాత్రి ఫోన్ చేసింది. గొంతులో చిన్న ఉదాసీ. ఆఫీసు వాళ్లు దావత్ ఇచ్చారట. సుషీ పెట్టారట. అందరి ముందూ వైన్ గ్లాసులు, తన ముందు మంచినీళ్లు. పక్కనున్న పెద్దమనిషి నవ్వుతూ, వైన్ లేకుండా సుషీ అసలు రుచి తెలియదమ్మా అన్నాడట.

"నిజమేనా మామూ? మనం అన్నీ సగం సగమే రుచి చూసి పోతామా?"

ఈ సవాల్‌కి జవాబ్ ఫత్వాలో వెతకనక్కర్లేదు. షరాబ్ హరామ్ అని దానికీ తెలుసు, నాకూ తెలుసు. అది అడిగింది రుచి సంగతి. రుచి సంగతి తారీఖ్ చెబుతుంది. నాకు తెలిసినంతలో చెప్పాను. అదే ఇక్కడ రాస్తున్నాను.

సుషీ అంటే పచ్చి చేప అనుకుంటాం. మొదట్లో అది పచ్చి చేప కాదు, ఊరబెట్టిన చేప. చేపకి ఉప్పు పట్టించి, వండిన అన్నంలో పొరలు పొరలుగా కప్పి నెలల తరబడి ఉంచేవారు. అన్నం పులిసి చేపను కాపాడేది. తినేటప్పుడు ఆ అన్నాన్ని పారేసి చేపను మాత్రం తినేవారు. వరి పండే ఆగ్నేయాసియా నదీతీరాల నుంచి ఈ పద్ధతి జపాన్ చేరిందని పండితులంటారు. బివా సరస్సు చుట్టుపక్కల 'ఫునజుషీ' పేరుతో ఇప్పటికీ బతికే ఉంది. వరి, చేప, ఉప్పు. మన గోదావరి డెల్టా మనిషికి ఇందులో అజనబీ వస్తువు ఒక్కటీ లేదు.

తర్వాత కాలంలో నెలలు ఆగే ఓపిక పోయింది. అన్నం పులిసేదాకా ఆగకుండా అందులో సిర్కా కలపడం మొదలుపెట్టారు. 1804లో హందా పట్నంలో నకానో మటజాయెమోన్ అనే ఆయన, బియ్యం షరాబ్ తీసేశాక మిగిలే పిప్పితో చవకగా సిర్కా తయారుచేశాడు. అది ఎడో నగరానికి, అంటే నేటి టోక్యోకి, ఓడల్లో వెళ్లింది. 1820ల ప్రాంతంలో ఆ నగరంలోనే హనాయా యోహెయ్ చేతి ముద్దంత అన్నం మీద చేపముక్క పెట్టి అమ్మాడని చెబుతారు. ఈవేళ మనం సుషీ అంటున్నది అదే. అది బజారు తిండి. కూలీలు, చిరువ్యాపారులు నిలబడి రెండు లుఖ్మాలు తిని పనికి పోయేవారు.

సిర్కా మాట వచ్చింది కాబట్టి ఒక మసలా. సిర్కా మన నబీ (స) మెచ్చుకున్న సాలన్. షరాబ్ తనంతట తానే సిర్కాగా మారిపోతే అది పాక్ అని ఫుకహా అందరూ ఒప్పుకున్నారు. మనిషి పూనుకుని మారిస్తే హనఫీలు జాయిజ్ అన్నారు, షాఫయీలు కాదన్నారు. కాబట్టి సుషీ అన్నంలో సిర్కా చూసి మన హనఫీ ఇళ్లవాళ్లు బెదరక్కర్లేదు. చూసుకోవాల్సింది వేరే ఉంది. 'మిరిన్' అనే తీపి వంట షరాబ్ చాలా సాస్‌లలో పడుతుంది. పాము చేప మీద పూసే నల్లటి తీపి సాస్‌లో అది మామూలే. కొన్ని చోట్ల అన్నంలోనూ కలుపుతారు. తినేముందు అడగాలి. ఆక్టోపస్, స్క్విడ్ లాంటివి హనఫీ మజహబ్‌లో చేపల లెక్కలోకి రావు. ఝీంగా, అంటే మన రొయ్య, చేపా కాదా అని ఉలమా ఈనాటికీ బహస్ చేస్తూనే ఉన్నారు. షాఫయీలకి ఈ పేచీ లేదు.

ఇక గ్లాసు సంగతి. సుషీ దుకాణంలో కూర్చోగానే ముందుకొచ్చేది గ్రీన్ టీ. పట్టుకుంటే చెయ్యి కాలేంత వేడిగా, పెద్ద మట్టి కప్పులో. దుకాణాల జబాన్‌లో దాన్ని 'అగారీ' అంటారు. జపాన్‌లో ఈ చాయ్‌కి పునాది వేసిన వాడు 1191లో చీనా నుంచి తేయాకు గింజలు తెచ్చిన బౌద్ధ గురువు ఎయిసాయ్. చేప కొవ్వు నాలుక మీద పొరలా పేరుకుంటుంది. వేడి చాయ్ దాన్ని కడిగేస్తుంది. చాయ్‌లోని వగరు నోటిని తేట చేస్తుంది. ఒక చేపకీ ఇంకో చేపకీ నడుమ కొరికే అల్లం ముక్క చేసేదీ ఆ పనే. సాకే, అంటే బియ్యం షరాబ్ తాగేవాళ్లు అక్కడ తక్కువేం కాదు. అయితే అన్నం తింటూ మళ్లీ అన్నపు షరాబ్ ఎందుకనే జపనీయులూ ఉన్నారు.

మరి వైన్? అది ఆ ఊరికి మెహమాన్. 1549 నుంచి పోర్చుగీసు పాదరీలు, వ్యాపారులు తెచ్చిన ఎర్ర వైన్‌ని జపనీయులు 'చింతా' అన్నారు. మన చింతపండుకీ దానికీ ఏ రిష్తా లేదు. పోర్చుగీసు 'టింటో' వాళ్ల నోట అలా తిరిగింది. తర్వాత డచ్చివాళ్లు వచ్చారు. 1609లో హిరాదోలో కొఠీ పెట్టారు. 1641 నుంచి నాగసాకి దగ్గర దెషిమా అనే చిన్న దీవికే పరిమితమయ్యారు. యూరప్ వైన్ అక్కడ వాళ్ల బల్లల మీద ఉండేది.

ఇదే డచ్చివాళ్లు గోల్కొండ కుతుబ్‌షాహీల కాలంలో మచిలీపట్నంలో కొఠీ పెట్టారు. తర్వాత మన పాలకొల్లులో, నరసాపురంలో పెట్టారు. కోరమాండల్ తీరపు అద్దకం బట్ట వాళ్ల ఓడల్లో జపాన్ దాకా పోయింది. అక్కడ దాన్ని 'సరసా' అని పిలిచి మోజుపడ్డారు. మన తీరానికీ జపాన్‌కీ తాల్లుక్ ఈనాటిది కాదని భాంజీకి ఇక్కడే చెప్పాను.

జపాన్ తన సొంత వైన్ కంపెనీ పెట్టుకున్నది 1877లో, యమనాషీలో. పని నేర్చుకు రమ్మని ఇద్దరు కుర్రాళ్లను ఫ్రాన్స్ పంపారు. అంటే యోహెయ్ సుషీ తర్వాత యాభై ఏళ్లకి. సుషీ పక్కన వైన్ పెట్టే రివాజ్ అయితే ఇంకా కొత్తది. 1960లలో సుషీ అమెరికా చేరి, తర్వాత ఖరీదైన హోటళ్లకెక్కిన కాలపు సంగతి.

ఆ జోడీ కూడా సజావుగా కుదరలేదు. ఎర్ర వైన్‌తో చేప తింటే నోట్లో ఒక్కోసారి బిసాంద్, అదే నీచు వాసన, మిగిలిపోతుంది. ఎందుకో తేల్చింది జపాన్ వైన్ కంపెనీ మెర్షియన్ పరిశోధకులే. స్కాలప్ గుల్లతో పాటు 38 ఎర్ర వైన్లు, 26 తెల్ల వైన్లు రుచి చూపించి, 2009లో ఫలితం ప్రకటించారు. వైన్‌లో ఉండే ఇనుమే కారణం. ఇనుము పెరిగిన కొద్దీ బిసాంద్ పెరుగుతోంది. వైన్ లేకపోతే రుచి తెలియదన్న పెద్దమనిషికి ఈ సంగతి తెలియదు కాబోలు.

బిసాంద్ పోగొట్టడం మన అమ్మీలకు ఏ లేబొరేటరీ నేర్పలేదు. చేపముక్కల్ని పసుపూ ఉప్పుతో రుద్ది కడుగుతారు. సాలన్‌లో ఇమ్లీ పులుపు పోస్తారు. వేపుడైతే నిమ్మకాయ పిండుతారు. చేప తిన్నాక దూధ్ జోలికి పోనివ్వరు, సులేమానీ చాయ్ ఇస్తారు. పులుపు నీచును అణచాలి, వేడి చాయ్ నోటిని కడగాలి. సుషీ దుకాణంలో సిర్కా, గ్రీన్ టీ చేసేదీ ఇదే. అందుకే భాంజీకి చెప్పాను: బేటీ, నువ్వు సగం రుచితో లేచి రాలేదు. ఈసారి మంచినీళ్లు కాదు, దర్జాగా 'అగారీ' అడుగు. వేసవిలో అయితే వేయించిన బార్లీ కాచి చల్లార్చిన 'ముగిచా' అడుగు. తీపి షరబత్ మాత్రం వద్దు. పచ్చి చేప సున్నితమైన రుచిని చక్కెర కప్పేస్తుంది.

ఇంతటితో ఫోన్ పెట్టేయవచ్చు. కానీ నేను మొగల్తూరు వాణ్ణి. గ్లాసు గురించి చెప్పి ప్లేటు గురించి చెప్పకపోతే బేయిమానీ అవుతుంది.

1980లలో భారత రొయ్యకి అతిపెద్ద గిరాకీ జపాన్‌దే. 1990ల మొదట్లో మన తీరంలో వరిచేలు టైగర్ రొయ్యల చెరువులయ్యాయి. 1994 చివర్లో తెల్లమచ్చ తెగులు వచ్చి చెరువులకు చెరువులే తుడిచిపెట్టుకుపోయాయి. పక్క చేలు చౌడుబారాయి, తాగే నీళ్లు ఉప్పయ్యాయి. 1996 డిసెంబర్ 11న సుప్రీంకోర్టు తీరప్రాంత నియంత్రణ పరిధిలోని రొయ్యల చెరువుల్ని తొలగించమంది. తర్వాత కొత్త చట్టం వచ్చింది, 2009 నుంచి వనామీ రొయ్య వచ్చింది, పెద్ద ఖరీదుదారు అమెరికా అయింది. మంచుగడ్డల్లో చేతులు పెట్టి రొయ్య తలలు తీసే ఆడవాళ్ల పని మాత్రం మారలేదు.

2017 మార్చి 30న మొగల్తూరు దగ్గర నల్లంవారి తోటలో, ఒక ఆక్వా ప్లాంటులో వ్యర్థజలాల ట్యాంకు దగ్గర విషవాయువు పీల్చి అయిదుగురు మజ్దూర్లు చనిపోయారు. నేను ఆ వార్త విన్న రాత్రి మా ఇంట్లో ఝీంగా వండారు. ఎవరం సరిగ్గా తినలేకపోయాం. ఖురాన్ హలాల్ పక్కనే తయ్యిబ్ అనే మాట పెట్టింది. హలాల్ అంటే అనుమతి. తయ్యిబ్ అంటే మంచిది, శుభ్రమైనది. మనిషి ఊపిరి తీసుకుని వచ్చిన తిండి నా మనసుకి తయ్యిబ్ అనిపించదు. గ్లాసులో ఏముందని నూరుసార్లు అడిగే మనం, ప్లేటులోది ఎవరి చేతుల మీదుగా వచ్చిందని ఒక్కసారైనా అడుగుతున్నామా?

భాంజీ చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత మెల్లగా అంది: "మామూ, ఆ రోజు సుషీ మీద రొయ్య కూడా ఉంది. ఎక్కడిదో అడగలేదు."

"ఈసారి అడుగు బేటీ. చాయ్ తాగుతూ అడుగు" అన్నాను.