పుట్టగొడుగుల తెగులు – వైరసుల వంశము

1948లో అమెరికాలోని పెన్సిల్వేనియా రాష్ట్రమున ఒక తోటలో పుట్టగొడుగులు వికారరూపము దాల్చి చెడిపోయెను. కారణము తెలియలేదు. 1962లో ఇంగ్లండునందు హాలింగ్సు అను శాస్త్రజ్ఞుడు తెగులు సోకిన పుట్టగొడుగులలో వైరసులను చూపెను. శిలీంధ్రములకును వైరసులు కలవని రుజువయ్యెను.

పిదప, రొట్టెపిండిని పొంగించు ఈస్టునందును వైరసు కనబడెను. 1973లో ఆస్ట్రేలియాయందు రూత్ బిషప్ ప్రభృతులు పసిబిడ్డల విరేచనములకు హేతువగు రోటావైరసును కనుగొనిరి. ఈ రెండింటికిని వింతపోలిక కలదు. రెండింటను జన్యుపదార్థము రెండుపేటల ఆర్‌ఎన్‌ఏ. దానిని పొదివియున్న లోపలి పెంకు 120 మాంసకృత్తుల కూర్పు. కావున ఇవి ఒకే ప్రాచీన వంశపు శాఖలని పలువురు శాస్త్రజ్ఞులు తలంచుచున్నారు.

అయినను ఈస్టు వైరసు ఇల్లు విడువదు. తల్లికణమునుండి పిల్లకణమునకు సంక్రమించును. రోటావైరసో, మలముతో వెడలి, మలినమైన చేతులద్వారా మరియొక బిడ్డను చేరును. వంశమొక్కటియే, నడవడి వేరు.