మామునూరు విమానాశ్రయం: పూర్వాపరాలు

వరంగల్ సమీపంలోని మామునూరు విమానాశ్రయం 1930లో ఏడవ నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ హయాంలో నిర్మించబడింది. ఆజంజాహి మిల్లు, కాగజ్‌నగర్ కాగితపు పరిశ్రమల రాకపోకలకు ఇది ఎంతగానో ఉపకరించింది. 1981 వరకు ఇచ్చటి నుండి విమానాలు నడిచాయి. 

శంషాబాద్ విమానాశ్రయ ఒప్పందం ప్రకారం 150 కిలోమీటర్ల లోపు మరొక విమానాశ్రయం కూడదన్న నిబంధన పునరుద్ధరణకు చిరకాలం అవరోధమైంది. నిర్వహణ సంస్థ నిరభ్యంతరం తెలిపిన మీదట 2025 ఫిబ్రవరి 28న కేంద్రం అనుమతించింది.

పెద్ద విమానాలు దిగుటకు రన్‌వేను పొడిగించవలసి ఉన్నది. అప్పటికి ఉన్న 696 ఎకరాలకు తోడు 253 ఎకరాల సేకరణ నిమిత్తం రాష్ట్ర ప్రభుత్వం 2024 నవంబరులో రూ.205 కోట్లు మంజూరు చేసింది. అందులో సాగుభూములు కూడా ఉన్నందున, తగిన పరిహారం కోరుతూ రైతులు తమ విన్నపాలు వినిపించారు.