ఆదర్శ్ హౌసింగ్ సొసైటీ కుంభకోణం

దక్షిణ ముంబయిలోని కొలాబాలో, సైనిక స్థావరాల పక్కన, సముద్రానికి చేరువలో కట్టిన 31 అంతస్తుల భవనానికి అనుమతులు, అందులోని ఫ్లాట్ల కేటాయింపుల చుట్టూ నడిచిన రాజకీయ అవినీతి వ్యవహారం. 2010లో బయటపడింది. మహారాష్ట్ర ముఖ్యమంత్రి అశోక్ చవాన్ పదవిని బలిగొంది. నలుగురు మాజీ ముఖ్యమంత్రులు, ముగ్గురు మాజీ సైనిక, నౌకాదళాధిపతులు, పలువురు ఐఏఎస్ అధికారుల పేర్లు ఏదో ఒక రూపంలో ఇందులో వినిపించాయి.

పత్రికలు దీన్ని మొదట కార్గిల్ వీరుల, యుద్ధ వితంతువుల ఇళ్లను పెద్దలు కాజేసిన కథగా చెప్పాయి. దేశమంతా భగ్గుమన్నది అందుకే. కానీ రాష్ట్ర ప్రభుత్వం 2011 జనవరిలో నియమించిన జస్టిస్ జె.ఎ. పాటిల్ కమిషన్ 2012 ఏప్రిల్‌లో మధ్యంతర నివేదిక ఇస్తూ, ఆ స్థలం రాష్ట్ర ప్రభుత్వానిదేననీ, రక్షణ శాఖది కాదనీ, దాన్ని కార్గిల్ కుటుంబాలకు ప్రత్యేకించిన దాఖలా లేదనీ తేల్చింది. కార్గిల్ మాటను పక్కన పెట్టినా కేసు బలం తగ్గదు. అసలు సంగతంతా అనుమతుల ఫైళ్లలోనే ఉంది.

అనుమతులు వచ్చిన దారి

ఆ స్థలం 3,758 చదరపు మీటర్లు. పక్కనున్న కెప్టెన్ ప్రకాశ్ పేఠే మార్గ్‌ను 60.97 మీటర్ల వెడల్పు చేయాలని నగర ప్రణాళికలో ఉండేది. ఆ ప్రకారం రోడ్డు వేస్తే సొసైటీకి ఇల్లు కట్టుకునే చోటే ఉండదు. 2002లో ప్రణాళికను సవరించి రోడ్డు వెడల్పును 18.40 మీటర్లకు కుదించారు, మిగిలిన జాగాను నివాస ప్రాంతంగా మార్చారు. విలాస్‌రావ్ దేశ్‌ముఖ్ ప్రభుత్వం దిగిపోతున్న రోజుల్లో, 2003 జనవరిలో, స్థలం ఇస్తామన్న సమ్మతి పత్రం వెలువడింది. 2004 జులైలో సుశీల్‌కుమార్ షిండే హయాంలో కేటాయింపు పూర్తయింది. అదే ఏడాది చివర్లో ఆయన ఆంధ్రప్రదేశ్ గవర్నర్‌గా హైదరాబాద్ వచ్చారు.

స్థలం చిన్నది, కట్టాలనుకున్నది ఆకాశమంత. అందుకు అడ్డం ఎఫ్‌ఎస్‌ఐ, అంటే ఎంత స్థలానికి ఎంత కట్టడం కట్టుకోవచ్చో చెప్పే లెక్క. పక్కనే సిటీ బస్సుల సంస్థ ‘బెస్ట్’ డిపో ఉంది. దాని తాలూకు సుమారు 2,669 చదరపు మీటర్ల ఎఫ్‌ఎస్‌ఐని కూడా ఆదర్శ్ ఖాతాలో కలిపారు. బస్సులకని అట్టిపెట్టిన హక్కు అలా ఫ్లాట్లుగా మారింది.

అన్నిటికన్నా విచిత్రం పర్యావరణ అనుమతి. తీరప్రాంత నియంత్రణ మండలంలో కట్టే భవనానికి ఆ అనుమతి తప్పనిసరి. 2003 మార్చిలో కేంద్ర పర్యావరణ శాఖ నుంచి రాష్ట్ర పట్టణాభివృద్ధి శాఖకు ఒక ఉత్తరం వచ్చింది. ఆ ప్రాంతం ఏ విభాగంలోకి వస్తుందో, అక్కడ ఏ నిబంధనలు వర్తిస్తాయో చెప్పిన ఉత్తరం అది. రోజుల తేడాలోనే పట్టణాభివృద్ధి శాఖ నుంచి, కేంద్రానికి అభ్యంతరం లేదంటూ ప్రణాళికా సంస్థకు లేఖ వెళ్లింది. దేవుడు వరమిచ్చినా పూజారి కరుణించని ఆఫీసుల గురించి రోజూ వింటాం. ఇక్కడ దేవుడు నోరు తెరవకముందే పూజారి ప్రసాదం పంచేశాడు. 2010 సెప్టెంబరులో ముంబయి మహానగర ప్రాంత అభివృద్ధి సంస్థ ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ కూడా ఇచ్చేసింది.

ఇందులో ఏ కాగితాన్ని విడిగా చూసినా కుంభకోణం కనబడదు. ఒకచోట ప్రణాళిక సవరణ, ఇంకోచోట వివరణ ఇస్తూ ఉత్తరం, మరోచోట మంత్రి సిఫార్సు. సభ్యుల జాబితాను పక్కన పెట్టుకుని చదివినప్పుడే కథ తెలుస్తుంది: ఫైలు కదిలిన శాఖల అధికారుల బంధువులు, నాయకుల బంధువులు అందులో ఉన్నారు.

బయటపడ్డాక

సమాచార హక్కు కార్యకర్తలు కాగితాలు రాబట్టడం, నౌకాదళం భద్రత గురించి అభ్యంతరం చెప్పడంతో 2010 అక్టోబరులో వార్త గుప్పుమంది. అశోక్ చవాన్ రెవెన్యూ మంత్రిగా ఉన్నప్పుడు సొసైటీలో 40 శాతం సైనికేతర పౌరులకు చోటివ్వమన్నారనీ, ముఖ్యమంత్రి అయ్యాక అదనపు ఎఫ్‌ఎస్‌ఐకి ఒప్పుకున్నారనీ, ప్రతిగా బంధువులకు ఫ్లాట్లు దక్కాయనీ తర్వాత సీబీఐ ఆరోపించింది. ఆయన దాన్ని ఖండించారు. 2010 నవంబరు 9న రాజీనామా చేశారు. జాబితాలో ఉన్న జనరల్ దీపక్ కపూర్, జనరల్ ఎన్.సి. విజ్, అడ్మిరల్ మాధవేంద్ర సింగ్ ఫ్లాట్లు వదులుకుంటామన్నారు. ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ రద్దయింది, నీళ్లు, కరెంటు ఆపేశారు. అప్పట్లో ఆంధ్రప్రదేశ్ నుంచి రాజ్యసభ సభ్యుడైన పర్యావరణ మంత్రి జైరాం రమేశ్ 2011 జనవరి 16న, మూడు నెలల్లో భవనాన్ని కూల్చాలని ఆదేశం ఇప్పించారు.

ఈలోగా పట్టణాభివృద్ధి శాఖ ఫైలులో కొన్ని నోట్ పేజీలు మాయమైనట్టు తేలింది. దానిపై వేరే కేసు. 2012 జూన్ 21న ముంబయి సచివాలయమైన మంత్రాలయ పై అంతస్తులు తగలబడ్డాయి. ఆదర్శ్ కాగితాలు కాలిపోయాయేమోనని గగ్గోలు రేగితే, తమకు కావలసినవి తమ దగ్గరే ఉన్నాయని సీబీఐ చెప్పింది. ఆ నెలలోనే కమిషన్ ముందు దేశ్‌ముఖ్, షిండే, చవాన్ సాక్ష్యమిచ్చారు. బాధ్యత ఎవరిదంటే ఎవరూ తమది అనలేదు. జులై మొదట్లో 13 మందిపై ఛార్జిషీటు పడింది. అంతకుముందే, గడువులోగా అది దాఖలు కాకపోవడంతో, అరెస్టయినవారు బెయిలుపై బయటికొచ్చారు.

కమిషన్ తుది నివేదిక 2013 డిసెంబరులో శాసనసభకు వచ్చింది. 25 మంది సభ్యులు అనర్హులనీ, 22 ఫ్లాట్లు బినామీవనీ అందులో ఉంది. ప్రభుత్వం మొదట తిరస్కరించింది. సొంత పార్టీ నాయకుడు రాహుల్ గాంధీయే బాహాటంగా తప్పుపట్టడంతో 2014 జనవరిలో పాక్షికంగా ఆమోదించింది.

కోర్టుల్లో

చవాన్‌ను విచారించేందుకు గవర్నర్ కె. శంకరనారాయణన్ 2013 డిసెంబరులో అనుమతి నిరాకరించారు. సీబీఐ చవాన్ పేరు తొలగించబోతే ప్రత్యేక కోర్టు, ఆపైన బొంబాయి హైకోర్టు ఒప్పుకోలేదు. ఢిల్లీలోనూ ముంబయిలోనూ ప్రభుత్వాలు మారాక, తెలంగాణకు చెందిన గవర్నర్ చెన్నమనేని విద్యాసాగర్‌రావు 2016 ఫిబ్రవరిలో అనుమతించారు. కొత్తగా చెల్లుబాటయ్యే సాక్ష్యం ఏదీ చూపలేదంటూ 2017 డిసెంబరు 22న హైకోర్టు ఆ అనుమతిని కొట్టేసింది.

భవనం సంగతి వేరుగా నడిచింది. సొసైటీ ఖర్చుతోనే కూల్చాలని 2016 ఏప్రిల్ 29న హైకోర్టు తీర్పిచ్చింది. జులైలో సుప్రీంకోర్టు కూల్చివేత ఆపి, భవనాన్ని స్వాధీనం చేసుకోవాలని కేంద్రాన్ని ఆదేశించింది.

2024 ఫిబ్రవరి 8న కేంద్రం పార్లమెంటులో పెట్టిన శ్వేతపత్రం, గత ప్రభుత్వ కాలపు కుంభకోణాల వరుసలో ఆదర్శ్‌ను కూడా చేర్చింది. అయిదు రోజుల తర్వాత అశోక్ చవాన్ బీజేపీలో చేరారు. మర్నాడు ఆ పార్టీ ఆయన్ను రాజ్యసభ అభ్యర్థిగా ప్రకటించింది.