సిలువ కనపడని మందిరాలు, పదవి వద్దన్న బిషప్: ఖతార్ క్రైస్తవ చరిత్రలో పైరూపం, లోరూపం

ఈ వారం ఎపిసోడ్‌లో ఖతార్ గురించి మాట్లాడుకున్నాం. ఉన్న టైమ్‌లో పట్టని సంగతులు కొన్ని మిగిలిపోయాయి. వాటినీ కలుపుకుని కథంతా ఒక వరుసలో ఇక్కడ పెడుతున్నాం. ఎపిసోడ్ విననివాళ్లు దీంతోనే మొదలుపెట్టినా ఇబ్బందేం లేదు.

దోహా నగరానికి దక్షిణంగా, అబూ హమూర్ దగ్గర మెసైమీర్‌లో ప్రహరీ గోడ కట్టిన పెద్ద ఆవరణ ఒకటి ఉంది. అందరూ దాన్ని రెలిజియస్ కాంప్లెక్స్ అంటారు. కాథలిక్, ఆంగ్లికన్, ఆర్థడాక్స్, కాప్టిక్ చర్చిలతో పాటు మన ఇండియా సంఘాలు కూడా ఆ గోడ లోపలే ఆరాధన చేసుకుంటాయి. రోడ్డు మీద నుంచి చూస్తే మాత్రం అక్కడ చర్చిలున్నాయని చెప్పే గుర్తేమీ ఉండదు. భవనాల బయట సిలువ ఉండదు, గంట మోగదు. గేటు దగ్గర తనిఖీ దాటి, లోపలికెళ్లి, హాలు తలుపు తీస్తే గానీ అది మందిరమని తెలీదు.

మన తెలుగువాళ్ల కళ్లకి ఇది కొత్త. మనకి చర్చి అంటే మెదక్ గుర్తొస్తుంది. 1914లో పునాది వేసి, 1924 డిసెంబర్ 25న ప్రతిష్ఠించిన ఆ చర్చి గోపురం ఎత్తు 175 అడుగులు. లేదంటే డోర్నకల్ గుర్తొస్తుంది. మన దేశం నుంచి మొదటి ఆంగ్లికన్ బిషప్ అయిన వేదనాయకం శామ్యూల్ అజరయ్య కట్టించిన ఎపిఫనీ కతీడ్రల్‌లో గుడి స్తంభాలూ మసీదు గుమ్మటాలూ కలిసి కనిపిస్తాయి. తమాషా ఏమిటంటే, దోహాలోని ఆంగ్లికన్ చర్చి పేరు కూడా ఎపిఫనీయే. అంటే దేవుడు ప్రత్యక్షమవడం, పైకి కనపడడం. డోర్నకల్‌లో ఆ పేరుకు తగ్గట్టు భవనమే కళ్లకి కడుతుంది. దోహాలో అదే పేరున్న చర్చి బయటి గోడ మీద సిలువ కూడా కనపడదు.

మరి పైగుర్తులన్నీ తీసేస్తే విశ్వాసంలో ఏం మిగులుతుంది? ఈ ప్రశ్నకి ఖతార్ నేల మీద రెండు జవాబులున్నాయి. ఒకటి నిన్నమొన్నటిది, ఇంకోటి పదమూడు వందల ఏళ్ల నాటిది.

ముందు దగ్గరి కథ చూద్దాం. ఆయిల్, గ్యాస్ పనుల కోసం బయటి దేశాల నుంచి లక్షల మంది ఖతార్ వచ్చారు. వాళ్లలో క్రైస్తవులు కూడా చాలామందే. కానీ దేశంలో చర్చి లేదు. ఇళ్లల్లో, స్కూలు హాళ్లల్లో చప్పుడు లేకుండా ప్రార్థన చేసుకునేవాళ్లు. 2002లో ఖతార్, వాటికన్ మధ్య దౌత్య సంబంధాలు మొదలయ్యాయి. అప్పటి అమీర్ షేక్ హమద్ బిన్ ఖలీఫా అల్ థానీ చర్చిల కోసం భూమి ఇచ్చారు. 2008 మార్చిలో అవర్ లేడీ ఆఫ్ ది రోజరీ అనే కాథలిక్ చర్చి ప్రారంభమైంది. దాన్ని ప్రతిష్ఠించడానికి వాటికన్ నుంచి వచ్చిన కార్డినల్ ఇవాన్ డయాస్ మన ముంబైలో పుట్టినాయనే, అంతకుముందు అక్కడ ఆర్చిబిషప్‌గా చేసినాయనే.

చర్చి కట్టాలా వద్దా అని ఖతార్ పత్రికల్లో అప్పట్లో గట్టి వాదనే నడిచింది. వద్దన్నవాళ్లున్నారు. ఖతార్ యూనివర్సిటీ షరియా కాలేజీకి డీన్‌గా పనిచేసిన అబ్దుల్ హమీద్ అల్ అన్సారీ లాంటివాళ్లు, ఆరాధనాస్థలం మనిషికున్న హక్కని సమర్థించారు. చివరికి చర్చి వచ్చింది, కానీ బయట గుర్తులుండకూడదన్న షరతుతో. ముస్లింల మధ్య మతప్రచారం చేయడం చట్టప్రకారం నేరమే.

ఇప్పుడక్కడ పెద్ద ఆరాధన శుక్రవారం. ఎందుకంటే వారపు సెలవు శుక్రవారం. ఆదివారం అందరూ డ్యూటీలో ఉంటారు. ఒక్కో హాలుని చాలా సంఘాలు వంతులేసుకుని వాడుకుంటాయి. తెలుగు ఆరాధన అయిపోగానే ఇంకో భాషవాళ్లు తలుపు దగ్గర ఎదురుచూస్తుంటారు. 'మా గుడి', 'మా గంట', 'మా తాతలు వేసిన బల్లలు' అనుకోవడానికి అక్కడ ఏమీ లేదు.

ఇక పాత కథ. ఇస్లాం రాకముందు, వచ్చిన కొత్తలో కూడా, ఈ గల్ఫ్ తీరంలో క్రైస్తవులు బాగానే ఉండేవాళ్లు. సిరియాక్ భాషలో ఈ ప్రాంతాన్ని బేత్ ఖత్రాయె అనేవాళ్లు, అంటే ఖతార్ వాళ్ల నేల. ఇవాళ్టి ఖతార్ మాత్రమే కాదు. బహ్రెయిన్, సౌదీ తూర్పు తీరం కూడా దాన్లోకే వచ్చేవి. ఇక్కడివాళ్లు 'తూర్పు సంఘం' అనే శాఖకి చెందినవాళ్లు. వాళ్ల పెద్దని కాథలికోస్ అనేవాళ్లు, ఆయన ఉండేది మెసొపొటేమియాలో.

676లో కాథలికోస్ మొదటి గీవర్గీస్ స్వయంగా ఈ తీరానికి వచ్చి, దారిన్ అనే ద్వీపంలో సభ పెట్టారు. ఇక్కడి బిషప్‌లకీ పైవాళ్లకీ చాలాకాలంగా ఉన్న తగాదా తీర్చడం ఆ సభ ముఖ్యమైన పని. అయితే ఆ సభ చేసిన నియమాల్లో మన విషయానికి పనికొచ్చేది ఒకటుంది. చనిపోయినవాళ్లకి ఖరీదైన బట్టలు చుట్టి, గుండెలు బాదుకుంటూ పాతిపెట్టడం అన్యుల ఆచారమనీ, క్రైస్తవులు అలా చేయకూడదనీ తీర్మానించారు. ముత్యాల వ్యాపారం, సముద్ర వ్యాపారం నడిచిన తీరమిది. శవం మీద కూడా డాబు చూపించుకునేవాళ్లు ఉంటేనే కదా అలాంటి నియమం కావాల్సొచ్చేది!

ఇదే కాలంలో ఇదే ప్రాంతం నుంచి వచ్చిన సన్యాసి ఒకాయన ఉన్నాడు. పేరు ఇస్సాకు. లోకం ఆయన్ని నీనెవె ఇస్సాకు అనీ, సిరియా ఇస్సాకు అనీ పిలుస్తుంది గానీ పుట్టింది మాత్రం బేత్ ఖత్రాయెలో. పైన చెప్పిన గీవర్గీసే ఆయన్ని బేత్ ఆబే మఠంలో నీనెవె బిషప్‌గా అభిషేకించాడు. నీనెవె అంటే యోనా కథలో మనకి తెలిసిన ఊరే. ఇప్పటి ఇరాక్‌లో మోసుల్ పక్కన. చిన్న పదవి కాదు.

ఇస్సాకు ఆ పదవిలో ఉన్నది ఐదు నెలలే. తర్వాత వదిలేసి కొండల్లోకి వెళ్లిపోయాడు. ఎందుకు వదిలాడో దేవుడికే తెలుసని తొమ్మిదో శతాబ్దపు సిరియాక్ రచయిత ఈషోదెనా రాశాడు. తర్వాతి కాలంలో ఒక కథ పుట్టింది. అప్పు ఎగ్గొట్టాడని ఒకడు ఇంకొకణ్ణి బిషప్ ముందుకి లాక్కొచ్చాడట. ఒక్కరోజు గడువివ్వు, సువార్తలో అప్పు మాఫీ చేయమనే ఉంది కదా అన్నాడట ఇస్సాకు. సువార్త సంగతి ఇక్కడ ఎత్తొద్దన్నాడట అప్పిచ్చినవాడు. సువార్తకే చోటు లేని దగ్గర నాకేం పని అని ఇస్సాకు లేచి వెళ్లిపోయాడట. జరిగిందో లేదో గానీ, జనం ఆయన్ని ఎలా గుర్తుపెట్టుకున్నారో ఈ కథ చెబుతుంది: కుర్చీ ఉండి లోపల సరుకు లేకపోతే, కుర్చీయే వద్దనుకున్న మనిషి.

తర్వాత ఆయన ఇప్పటి ఇరాన్ నైరుతి వైపున్న రబ్బన్ షాబూర్ మఠంలో ఉన్నాడు. వారానికి మూడు రొట్టెలు, కాసిన్ని కూరాకులు ఆహారం. చదివి చదివి చూపు పోయింది. అప్పట్నుంచి ఆయన చెబుతుంటే శిష్యులు రాసుకునేవాళ్లు. ఆ రాతల్లో పేరుపడింది దయగల హృదయం గురించిన భాగం. మనుషుల కోసమే కాదు, పక్షుల కోసం, జంతువుల కోసం, ఆఖరికి దయ్యాల కోసం కూడా కాలిపోయే గుండె అది అంటాడు. మనిషి భక్తిని కొలవడానికి ఆయన బట్టలు చూడమనలేదు, ఉపవాసాలు లెక్కపెట్టమనలేదు. ఇంకో ప్రాణి నొప్పి చూసినప్పుడు లోపల ఏం జరుగుతోందో చూసుకోమన్నాడు. పైరూపాన్ని చూసే కళ్లు పోయిన మనిషి చెప్పిన మాటలివి.

ఆ రాతలు చేసిన ప్రయాణం ఇంకా విచిత్రం. ఇస్సాకు సంఘాన్ని గ్రీకు చర్చి వాళ్లు తప్పుబోధ చేసేవాళ్లుగా చూసేవారు. అయినా యెరూషలేము దగ్గరున్న మార్ సాబా మఠంలో గ్రీకు సన్యాసులే ఆయన పుస్తకాన్ని తమ భాషలోకి తెచ్చుకున్నారు. అక్కడి నుంచి స్లావిక్ భాషలోకి, రష్యాకి వెళ్లింది. 2024 నవంబర్‌లో పోప్ ఫ్రాన్సిస్ ఆయన పేరుని కాథలిక్కుల పరిశుద్ధుల పట్టికలో చేర్చారు. బయటి లేబుల్ ఏ సంఘానిదన్నది పక్కనపెట్టి, లోపలి మనిషిని తీసుకున్నారన్నమాట.

దోస్తోయెవ్‌స్కీ 'కరమజోవ్ సోదరులు' నవలలోనూ ఇస్సాకు పుస్తకం కనిపిస్తుంది. పనివాడు గ్రిగొరీ ఏళ్ల తరబడి దాన్ని చదువుతాడు, పెద్దగా ఏమీ అర్థం కాదు. చివరలో, హత్య చేసి కాజేసిన నోట్ల కట్టల మీద స్మెర్ద్యకోవ్ ఇదే పుస్తకాన్ని మూతలా పెడతాడు. పైన భక్తిగ్రంథం, కింద దొంగసొమ్ము. పైరూపం, లోరూపం గురించి ఇంతకంటే సూటిగా చెప్పడం కష్టం.

నిజానికి ఇది బైబిల్లో ఉన్న పాత పాఠమే. బేత్లెహేములో యెష్షయి పెద్దకొడుకు ఏలీయాబు ఎత్తూ అందం చూసి కాబోయే రాజు ఇతనే అనుకుంటాడు సమూయేలు. దేవుడు కాదంటాడు, గొర్రెలు కాస్తున్న దావీదుని పిలిపిస్తాడు. పేతురు మొదటి పత్రికలో నగలకంటే హృదయంలోని గుణం మేలన్న మాట వస్తుంది. యాకోబు పత్రికలో బంగారు ఉంగరం పెట్టుకొచ్చినవాణ్ణి మంచి చోట కూర్చోబెట్టి, మాసిన బట్టలవాణ్ణి నిలబెట్టే సంఘానికి మందలింపు ఉంది. మన సంఘాల్లో పేతురు మాట మీద ప్రసంగాలు బాగానే వింటాం, అదీ ఎక్కువగా ఆడవాళ్లని ఉద్దేశించి. యాకోబు చెప్పిన ముందు వరుస కుర్చీ సంగతి మీద మాత్రం అంత తరచుగా వినం.

ఇంకో చిక్కు కూడా ఉంది. సాదాతనం కూడా ఒక వేషం కాగలదు. తెల్లబట్టలు, బోసి మెడ, చేతిలో నల్ల అట్ట బైబిలు: డాబు వద్దని మొదలైనవే, కొన్నిచోట్ల మనిషిని తూచే కొత్త తూకంరాళ్లయ్యాయి. అటువైపు గోపురం ఉన్నంత మాత్రాన లోపల ఖాళీ అనీ కాదు. మెదక్ చర్చిని చార్లెస్ వాకర్ పోస్నెట్ కట్టించింది కరువు రోజుల్లో, పని చేసినవాళ్లకి తిండి పెడుతూ. ఆ 175 అడుగుల వెనక జనం ఆకలి తీరిన కథ ఉంది.

అలాగే దోహా మందిరాల సాదాతనాన్ని ఇస్సాకు సాదాతనంతో కలిపేయడం కూడా సరికాదు. ఇస్సాకు తనంతట తాను వదులుకున్నాడు. దోహాలో సిలువ బయట పెట్టకపోవడం ప్రభుత్వం పెట్టిన షరతు. దాన్ని ఆధ్యాత్మికత అని పొగిడితే, నచ్చిన గుర్తు పెట్టుకునే స్వేచ్ఛ లేనివాళ్ల లోటుని చిన్నది చేసినట్టే. కానీ ఆ షరతు లోపల బతుకుతున్నవాళ్లకి ఒక ప్రశ్న మాత్రం తప్పదు: నేను విశ్వాసినని చుట్టుపక్కలవాళ్లకి తెలియాలంటే ఇప్పుడు నా దగ్గర ఏముంది? గంట లేదు, గోపురం లేదు, నోటితో ప్రచారం చేయడానికి లేదు. మిగిలింది నడవడిక ఒక్కటే. క్యాంపులో పక్క మంచం మీద జ్వరంతో ఉన్నవాడికి గంజి కాచి ఇవ్వడం. అప్పు తీర్చమని గొంతు మీద కూర్చోకపోవడం. యజమాని ఇంట్లో ఎవరూ చూడకపోయినా చేయి చాచకపోవడం.

గల్ఫ్ నుంచి ఊరికి తిరిగొచ్చే మనిషిని మనవాళ్లు కొలిచేది ఎలాగో అందరికీ తెలుసు. మెడలో గొలుసెంత, చేతిలో ఫోనేది, ఇల్లు ఎన్నంతస్తులు లేచింది. కోనసీమలో అయినా కడపలో అయినా జగిత్యాలలో అయినా ఇదే లెక్క. ఖాళీ చేతులతో వచ్చినవాళ్లు సిగ్గుతో చర్చికి రావడం మానేస్తే, తప్పు వాళ్లది కాదు, కళ్లతో కొలిచిన సంఘానిది. యాకోబు రాసిన కుర్చీ పరీక్ష అక్కడే మొదలవుతుంది. ఈసారి సెలవు మీద ఎవరైనా వచ్చినప్పుడు, ఏం తెచ్చావు అనేముందు ఎలా ఉన్నావు అని అడిగితే ఆ పరీక్షలో మొదటి మార్కు పడినట్టే.

వచ్చే ఎపిసోడ్‌లో ఇదే బేత్ ఖత్రాయె నుంచి వచ్చిన మరో సిరియాక్ రచయిత దాదీషో గురించి మాట్లాడుకుందాం.