ఛాయాచిత్రముల అంగడి: గాజుపలక నుండి వెబ్‌సైటు వరకు

బియ్యపు వర్తకుడు దోసెడు బియ్యము చూపి బస్తా అమ్ముతాడు. దోసెడు చూచినంత మాత్రాన బస్తా ఎవరికీ దక్కదు. ఛాయాచిత్రము సంగతి అట్లు కాదు. చిత్రములో కొనదగినది దాని రూపమే. ఆ రూపమును చూపనిదే కొనువాడు రాడు. కంప్యూటరు తెరమీద చూపినచో దానికి నకలు తీసికొనుట క్షణములో పని. చూపవలెను, కాని ఇచ్చివేయరాదు. తన చిత్రములను అమ్ముకొనుటకు స్వయముగా వెబ్‌సైటు నిర్మించుకొనే ఛాయాచిత్రకారునికి ఎదురయ్యే మొదటి చిక్కు ఇదే. ఇది నిన్న మొన్న పుట్టినది కాదు. పూర్వులు దీనిని ఎట్లు పరిష్కరించినారో తెలిసికొన్నచో, నేటి వెబ్‌సైటును ఎట్లు కట్టవలెనో కూడ చాలవరకు బోధపడును.

మూలము ఇంటిలో, ప్రతి అంగడిలో

1839లో ఫ్రాన్సులో దాగేర్ ప్రకటించిన పద్ధతిలో, వెండిపూత గల రాగిరేకు మీద చిత్రము ఏర్పడేది. అది మిక్కిలి స్పష్టముగా ఉండేది. కాని ఒక్కటే ప్రతి. దానిని అమ్మివేసిన తరువాత చిత్రకారుని చేతిలో ఏమియు మిగిలేది కాదు. ఇంగ్లండులో విలియం హెన్రీ ఫాక్స్ టాల్బట్ వేరొక త్రోవ పట్టినాడు. అతని పద్ధతిలో ముందుగా కాగితముపై నెగటివు వచ్చును: వెలుగు ఉన్నచోట నలుపు, నీడ ఉన్నచోట తెలుపు. దానిని వెండి లవణము పూసిన మరొక కాగితముపై ఉంచి ఎండలో పెట్టినచో అసలు చిత్రము అచ్చుపడును. ఒక్క నెగటివు నుండి అనేక ప్రతులు తీయవచ్చును. అమ్మేది ప్రతిని మాత్రమే. మూలము చిత్రకారుని ఇంటిలోనే ఉండును.

1844 నుండి 1846 వరకు టాల్బట్ ‘ద పెన్సిల్ ఆఫ్ నేచర్’ అనే గ్రంథమును ఆరు భాగములుగా వెలువరించినాడు. అందులోని 24 చిత్రములను రెడింగ్ పట్టణములో ఎండలో అచ్చు తీసి, ఒక్కొక్కటిగా పుటలపై అంటించినారు. కాని కొన్ని ప్రతులు కొద్దికాలములోనే వెలవెలబోయినవి. చిత్రమును స్థిరపరచుటకు వాడే హైపో అనే లవణమును పూర్తిగా కడిగివేయనిచో, అందలి గంధకము వెండిని మెల్లగా చెరచును. కొన్నవారికి అసంతృప్తి, టాల్బట్‌కు నష్టము కలిగినవి. అమ్మే ప్రతి మన్నికగా ఉండవలెనన్న పాఠము అప్పుడే తెలిసినది.

1851లో ఫ్రెడరిక్ స్కాట్ ఆర్చర్ గాజుపలకపై కలోడియన్ పూసి నెగటివు తీసే పద్ధతిని ప్రకటించినాడు. కాగితపు నెగటివులోని పీచు అడ్డు తొలగి ప్రతులు స్పష్టముగా రాజొచ్చినవి. వ్యాపారము పెరిగినది. మన దేశములో బోర్న్ అండ్ షెపర్డ్ సంస్థ తన నెగటివులకు సంఖ్యలు వేసి, వాటి జాబితా అచ్చువేసి, సంఖ్య తెలిపినవారికి ప్రతులు అమ్మేది. రాజా దీన్‌దయాళ్ 1886లో సికిందరాబాదులో స్టూడియో తెరచినాడు. ఆరవ నిజాము మహబూబ్ అలీఖాన్ కొలువులో ఛాయాచిత్రకారుడుగా ప్రసిద్ధి పొందినాడు. 1905లో ఆయన మరణించినా గాజుపలకలు నిలిచినవి. వాటిలో 2,800కు పైగా 1989లో ఢిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ కళాకేంద్రమునకు చేరినవి. మూలమును భద్రపరచినచో అది చిత్రకారుని ఆయుర్దాయమును మించి బ్రతుకగలదు.

నకలుదారులు, న్యాయస్థానము

మూలము ఇంటిలో దాచినంత మాత్రాన దొంగ బెడద తీరలేదు. 1882లో న్యూయార్కు నగరములో నెపోలియన్ సరోనీ అనే ఛాయాచిత్రకారుడు రచయిత ఆస్కార్ వైల్డ్ చిత్రములు తీసినాడు. వాటిలో ఒకదానిని ఒక లిథో ముద్రణ సంస్థ అనుమతి లేకుండ 85,000 ప్రతులు అచ్చు వేసినది. ఫోటో యంత్రము చేసే పనియే గాని రచన కాదని ఆ సంస్థ వాదించినది. కూర్చున్న తీరు, దుస్తులు, వెలుగునీడలు అన్నియు చిత్రకారుని ఊహ నుండి వచ్చినవేనని 1884లో అమెరికా సుప్రీంకోర్టు సరోనీ పక్షమున తీర్పు చెప్పినది. మన దేశములో 1957 నాటి కాపీరైటు చట్టము ఫోటోలకు రక్షణ ఇచ్చుచున్నది. 2012 సవరణ తరువాత ఆ హక్కు చిత్రకారుని జీవితకాలము, ఆపైన 60 ఏండ్లు ఉండును. అయితే, ఒకరు డబ్బిచ్చి తీయించుకొన్న ఫోటోపై, వేరు ఒప్పందము లేనిచో, తొలి హక్కు తీయించుకొన్నవారిదే. కావున పెండ్లి ఫోటోలను తీసినవాడు తన ఇష్టము వచ్చినట్లు అమ్మరాదు.

వల మీది అంగడి

1989లో స్విట్జర్లాండులోని సెర్న్ పరిశోధనాలయములో టిమ్ బెర్నర్స్-లీ వరల్డ్ వైడ్ వెబ్‌ను ప్రతిపాదించినాడు. 1993లో వచ్చిన మొజాయిక్ అనే బ్రౌజరులో వ్రాతల నడుమనే బొమ్మలు కనిపించసాగినవి. కాని బొమ్మలు చాల బరువైనవి. ఒక లెక్క చూడుడు. 6,000 పిక్సెళ్ళ వెడల్పు, 4,000 ఎత్తు గల ఫోటోలో 2 కోట్ల 40 లక్షల పిక్సెళ్ళు ఉండును. పిక్సెలుకు 3 బైట్లు చొప్పున 7 కోట్ల 20 లక్షల బైట్లు. సెకండుకు 56,000 బిట్లు పంపే టెలిఫోను తీగపై ఇది చేరుటకు సుమారు 2 గంటల 50 నిమిషములు పట్టును!

ఈ భారమును తగ్గించినది 1992 నాటి జెపెగ్ ప్రమాణము. దీనికి ఆధారమైన గణితమును 1974లో నాసిర్ అహ్మద్, టి. నటరాజన్, కె. ఆర్. రావు అనే ముగ్గురు శాస్త్రజ్ఞులు ప్రకటించినారు. జెపెగ్ పద్ధతిలో చిత్రమును 8 పిక్సెళ్ళ పొడవు, 8 పిక్సెళ్ళ వెడల్పు గల గళ్ళుగా విడదీయుదురు. ప్రతి గడిలోని వెలుగునీడల మార్పులలో కంటికి అంతగా ఆనని సూక్ష్మమైన వాటిని వదలివేయుదురు. చూచువానికి లోటు తెలియదు. ఫైలు మాత్రము ఎన్నో రెట్లు చిన్నదగును.

సొంత సైటు కట్టు విధము

ఇప్పుడు మొదటి చిక్కుకు వత్తము. ‘నకలు తీయరాకుండ మౌసు మీటను బిగించి వేసితిని’ అని కొందరు ధైర్యముగా ఉందురు. అది భ్రమ. తెరపై బొమ్మ కనపడవలెనన్న, దాని బైట్లు చూచువాని కంప్యూటరుకు చేరి తీరవలెను. చేరినదానిని దాచుకొనుట కష్టము కాదు. పేరును బొమ్మపై నీటిముద్రగా వేయవచ్చును గాని, పెద్దదైనచో అందము చెడును, చిన్నదైనచో చెరిపివేయుదురు. గట్టి ఉపాయము టాల్బట్ చూపినదే: మూలమును సైటులో పెట్టనే పెట్టరాదు. 1,200కు 800 పిక్సెళ్ళ చిన్న ప్రతిని మాత్రము పెట్టవలెను. ఇది మూలములో 25వ వంతు. తెరమీద చక్కగా కనిపించును, త్వరగా చేరును. కాని మేలైన ముద్రణకు అంగుళమునకు 300 పిక్సెళ్ళు కావలెను గదా! ఆ లెక్కన దీనితో 4 అంగుళముల బొమ్మ మాత్రమే వచ్చును. మూలముతో 20 అంగుళముల పటము వచ్చును. దోసెడు బియ్యము చూపి బస్తా అమ్ముట ఇదే.

తక్కిన పని కష్టమైనది కాదు. పుటకు అస్థిపంజరము వంటిది హెచ్.టి.ఎం.ఎల్.; దానికి వేసే దుస్తులు 1996లో వచ్చిన సి.ఎస్.ఎస్. మొదటి పుటలో ఏరిన కొద్ది చిత్రములే ఉండవలెను. ప్రతి చిత్రమునకు సంఖ్య, తీసిన స్థలము, సంవత్సరము, పటము కొలత, కాగితపు రకము, వెల వ్రాయవలెను. పాత స్టూడియోల జాబితాలు మనకు నేర్పినది ఇదే. డబ్బు తీసికొనే పనిని చెల్లింపుల సంస్థ పుటకు అప్పగించవలెను. కొనువారి కార్డు సంఖ్యలను తాను దాచరాదు.

సైటు పేరును తన పేరిట నమోదు చేయించుకొనుట ముఖ్యము. 1994లో మొదలైన జియోసిటీస్‌లో లక్షలమంది ఉచితముగా పుటలు కట్టుకొన్నారు. 2009లో ఆ సేవను మూసివేయగా ఆ చిరునామాలన్నియు పోయినవి. సొంత పేరు ఉన్నచో ఒక సర్వరు మూతపడినను మరొకదానికి మారవచ్చును, పాత గిరాకీ చెదరదు. మూలములను రెండు వేరు వేరు డిస్కులలో, వేరు వేరు చోట్ల ఉంచవలెను.

ఉపాధ్యాయులు దీనిని తరగతిలో ప్రయోగముగా చేయించవచ్చును. ఒక ఫోటోను 1,200 పిక్సెళ్ళ వెడల్పుకు తగ్గించి, మూలమును, చిన్న ప్రతిని ఒకే కొలత కాగితముపై అచ్చు తీయించి, ప్రక్క ప్రక్కన గోడకు తగిలించుడు. ఏది చూపదగినదో, ఏది అమ్మదగినదో విద్యార్థులే చెప్పగలరు.