పల్లేరుకాయా, ట్యూబులెస్ వాల్వూ

మదనపల్లె, పుంగనూరు, కుప్పం పల్లెదారుల్లో సైకిలు తొక్కినవాళ్ళకి పల్లేరుకాయని పరిచయం చెయ్యక్కర్లేదు. 1888లో డన్‌లప్ గాలి టైరు చేశాడు, ఆ ముల్లుకి పండగే :) మన అట్లాస్, హెర్క్యులిస్ బళ్ళకి వచ్చింది వుడ్స్ వాల్వు. అదేనండీ, వాల్‌ట్యూబు తొడిగేది. 1893లో పేటెంటైన ష్రేడర్ వాల్వు కార్లకీ, మోటార్‌సైకిళ్ళకీ స్థిరపడింది. ఫ్రెంచివాళ్ళ సన్నటి ప్రెస్టా రేసు సైకిళ్ళకెక్కింది.

1999లో మావిక్, హచిన్సన్, మిషెలిన్ కలిసి మౌంటెన్ బైకుకి అసలు ట్యూబే తీసేశాయి. ఇప్పుడు చిన్న ముల్లు దిగితే లోపలి సీలెంటు పూడ్చేస్తుంది. కానీ రిమ్ము రంధ్రం చూడకుండా స్టెమ్ కొనకండి: ప్రెస్టాకి 6.5, ష్రేడర్‌కి 8.5 మిల్లీమీటర్లు. కోర్ ఊడొచ్చేదైతే సీలెంటు పోయడం తేలిక. ప్రెస్టా అయితే మాత్రం ఇత్తడి అడాప్టరు జేబులో ఉండాల్సిందే. హార్స్‌లీ కొండ దిగి పంక్చరు షాపుకెళ్తే, మోటార్‌సైకిళ్ళకి గాలి కొట్టే పైపు దానికి పట్టదు మరి.