సైకిలుపై కొలువుకు

మన దేశపు ఆధునిక చరిత్ర వ్రాసినవారు రైలుబండికి పెద్ద అధ్యాయమే కేటాయించినారు. తంతి తపాలాకు, ఓడరేవులకు, నీటి కాలువలకు తగినన్ని పుటలు ఇచ్చినారు. కాని ప్రతి ఉదయం గడప దాటి పనిచోటికి పోయి, సాయంకాలం ఇల్లు చేరే సామాన్యుడు ఏ సాధనంతో పోయినాడన్న ప్రశ్న వారికి అంతగా తోచినట్లు లేదు. ఇరవయ్యవ శతాబ్దంలో చాలకాలంపాటు ఆ ప్రశ్నకు మన పట్టణాలు ఇచ్చిన సమాధానం, కాలినడక తరువాత, సైకిలే.

రైలు తన వేళకు మనిషిని రప్పించుకొంటుంది. సైకిలు మనిషి వేళకు బయలుదేరుతుంది. ఈ భేదం చూడ చిన్నదే అయినా నెలజీతగాని బ్రతుకులో దాని ఫలితం పెద్దది. నడిచిపోగల దూరంలోనే ఇల్లు వెదుకుకోవలసిన అగత్యం తప్పినది. ఐదారు మైళ్ళ దూరాన ఉన్న పని చేతికందినది. ఇట్లు దూరాన్ని తన కాళ్ళతో జయించిన మనిషికి నగరం ఏమి ఇచ్చినది? అతనికి దారిలో చోటు దక్కినదా? సైకిలు చరిత్రలో మనం విచారించవలసిన ముఖ్య విషయం ఇది.

సైకిలు పుట్టుకను గురించి విస్తరించి చెప్పనక్కరలేదు. 1817లో జర్మనీలో కార్ల్ డ్రైస్ చేసిన కొయ్యబండికి పెడళ్ళు లేవు. ఎక్కినవాడు నేలను కాళ్ళతో తన్నుకొంటూ పోవలసివచ్చేది. 1885లో ఇంగ్లండులోని కవెంట్రీలో జాన్ కెంప్ స్టార్లీ నిర్మించిన రోవర్ సైకిలులో రెండు చక్రాలు ఇంచుమించు సమానమైనవి. గొలుసు వెనుక చక్రాన్ని త్రిప్పసాగినది. 1888లో జాన్ బాయిడ్ డన్‌లప్ గాలి టైరును అమర్చినాడు. నేడు మనం తొక్కే బండి స్వరూపం అప్పటికే స్థిరపడినది.

మన దేశానికి వచ్చిన తొలి సైకిళ్ళు దొరలకు, సంపన్నులకు వినోదవస్తువులు. క్రమంగా పాత ఇంగ్లీషు బండ్లు చేతులు మారినవి. 1930 ప్రాంతాలలో చౌకైన జపాను సరుకు కూడ దిగి ధర తగ్గినది. అప్పుడు తపాలా జవాను, పోలీసు జవాను, బడిపంతులు, గుమాస్తా ఒకరి వెనుక ఒకరుగా సైకిలెక్కినారు. హిందీ ప్రాంతాలలో దీనిని ‘పైర్‌గాడీ’ అన్నారు, అనగా కాలిబండి. మనవారు ‘తొక్కుడుబండి’ అన్నారు. రెండు పేర్లలోను యంత్రం కంటె కాలికే ప్రాధాన్యం దక్కినది.

ఈ చరిత్రను ఒకచోట చూడగోరినవారికి ఢిల్లీ మంచి ఉదాహరణ. రాజధానిని కలకత్తానుండి అక్కడికి మార్చుతున్నట్లు 1911లో ప్రకటించినారు. 1931లో కొత్త ఢిల్లీకి ప్రారంభోత్సవం జరిగినది. ఆ నగరాన్ని హోదాననుసరించి కట్టినారు. పెద్ద అధికారులకు విశాలమైన తోటల నడుమ బంగళాలు. గుమాస్తాలకు గోల్ మార్కెట్ చుట్టుప్రక్కల వరుసయిళ్ళు. రాజవీధులు పొడవైనవి, వెడల్పయినవి. కారుగలవారిని తలచుకొని గీచినవి. ఆ వీధులను నిత్యం కొలిచినవాడు మాత్రం కారులేని గుమాస్తా.

1947లో విభజన వచ్చినది. 1941లో సుమారు 9 లక్షల 18 వేలుగా ఉన్న ఢిల్లీ జనసంఖ్య 1951 నాటికి 17 లక్షల 44 వేలకు చేరినది. ఇల్లు, ఊరు కోల్పోయి వచ్చినవారి కొరకు రాజేంద్రనగర్, పటేల్‌నగర్, లజపత్‌నగర్ వంటి పేటలు వెలసినవి. పని నగరం నడుమ, ఇల్లు పొలిమేరలో. బస్సులు చాలవు, ఉన్న బస్సు వేళకు రాదు. ఆ కొరతను పూరించినది సైకిలు. ఉదయం కచేరీ వేళకు సచివాలయంవైపు, సాయంకాలం ఇళ్ళవైపు నల్లని సైకిళ్ళు వరదవలె సాగే దృశ్యం, 1950, 1960 దశకాలలో ఢిల్లీలో ఉన్నవారెవరూ మరువలేనిది.

ఆ వరదలో ఒక బిందువైన గుమాస్తా దినచర్యను కొంచెం నిదానించి చూడవలసి ఉన్నది. లేవగానే అతడు సైకిలును పాతగుడ్డతో తుడుస్తాడు. బొటనవ్రేలితో టైరును నొక్కి గాలి చూస్తాడు. ఇల్లాలు కట్టిన మూడుగిన్నెల క్యారియరు హ్యాండిలుకు తగిలించి, కాగితాల సంచిని వెనుక సీటున బిగించి, గొలుసులో చిక్కుకోకుండ ప్యాంటు అంచుకు క్లిప్పు పెట్టుకొని బయలుదేరుతాడు. మలుపులో పొరుగు కచేరీ మిత్రుడు కలుస్తాడు. ఇద్దరూ ప్రక్కప్రక్కన తొక్కుతూ కరవుభత్యం గురించి, ఆడపిల్ల పెండ్లి గురించి, పై అధికారి కోపతాపాల గురించి మాట్లాడుకొంటారు. కచేరీలో నోరు మెదపలేనివానికి ఆ అరగంటే సభ.

జ్యేష్ఠమాసపు వడగాలిని అక్కడివారు ‘లూ’ అంటారు. ఆ గాలిలో తలకు, చెవులకు తుండుగుడ్డ చుట్టుకొని, వడదెబ్బ తగలదన్న నమ్మకంతో జేబులో ఉల్లిపాయ వేసుకొని తొక్కినవారున్నారు. పుష్యమాసపు పొగమంచులో ముందున్న సైకిలు గంట విని దారి తెలుసుకొన్నారు. వానలో జోళ్ళు విప్పి హ్యాండిలుకు కట్టుకొని, ప్యాంటు మోకాళ్ళవరకు మడిచి, కచేరీ చేరినాక మరల దొరబాబు వేషం సవరించుకొన్నారు.

కచేరీ ఆవరణలో సైకిలు స్టాండు మరొక లోకం. అన్నీ నల్లనివే, అన్నీ ఒకే ఎత్తు. కావలివాడిచ్చిన రేకుబిళ్ళ పోయినదా, సాయంకాలం తన బండిని తాను గుర్తుపట్టుట కష్టం. అందుచేత ఒకరు హ్యాండిలుకు ఎర్రదారం చుట్టేవారు, ఇంకొకరు గొలుసు మూతపై పేరు వ్రాయించేవారు. దారిలో పంక్చరైతే చెట్టుక్రింది మరమ్మతువాడే దిక్కు. అతడు ట్యూబును నీళ్ళతొట్టిలో ముంచి బుడగలు లేచినచోట రంధ్రం కనిపెట్టి, గరుకుకాగితంతో రుద్ది, జిగురు పూసి, ముక్క అతికించే లోపల హాజరుపట్టీలో ఆలస్యపు గుర్తు పడేది.

చట్టం కూడ సైకిలును మరువలేదు. పురపాలక సంఘాలు ఏటేటా పన్ను వసూలుచేసి లోహపుబిళ్ళ ఇచ్చేవి. చీకటిపడినాక దీపం లేకున్నా, వెనుక మరొకరిని ఎక్కించుకొన్నా జరిమానా. మొదట కిరసనాయిలు దీపం, తరువాత చక్రాన్ని ఒరసుకొని తిరిగే డైనమో. జరిమానా కట్టలేనివాని టైర్లలో గాలి తీసి పంపిన పోలీసు కథలు ప్రతి ఊరిలోను ఉన్నవి. పన్ను కట్టినవానికి రోడ్డు మీద ప్రత్యేకించిన దారి మాత్రం చాలచోట్ల లేదు.

స్వాతంత్ర్యం వచ్చిన తరువాత సైకిలు మన చేతి పనియైనది. మద్రాసు దగ్గర అంబత్తూరులోని టీ.ఐ. సైకిల్స్ సంస్థ 1949లో, సోనీపత్‌లోని అట్లాస్ 1951లో ఏర్పడినవి. నేటి పాకిస్తానులోని కమాలియానుండి వచ్చిన ముంజాల్ సోదరులు 1956లో లూధియానాలో హీరో సైకిళ్ళ నిర్మాణం ఆరంభించినారు. ప్రభుత్వం తన చిన్న ఉద్యోగులకు సైకిలు కొనుటకు వడ్డీలేని అడ్వాన్సు ఇచ్చి, నెలనెలా జీతంలో విరిచుకొనేది. పల్లెటూళ్ళలో గడియారం, రేడియోలతోపాటు సైకిలు కూడ పెండ్లికొడుకు కోరికల జాబితాకెక్కినది. అది గౌరవమూ అయినది, కన్యాదాతకు భారమూ అయినది.

గౌరవం అందరికీ ఒకేరీతిగా దక్కలేదు. దళితుడు కూలిడబ్బులతో సైకిలు కొన్నా, అనేక గ్రామాలలో పెద్దకులాల వీధి రాగానే దిగి నడిపించుకొని పోవలసివచ్చేది. ఎక్కి కూర్చున్నవాని తల, అరుగుమీద కూర్చున్నవాని తలకంటె ఎత్తున ఉండుట సహింపరాని విషయమైనది. స్త్రీ విషయమూ ఇంచుమించు ఇట్టిదే. తమిళనాడులోని పుదుక్కోట్టై జిల్లాలో 1990 దశకపు ఆరంభంలో అక్షరాస్యతా ఉద్యమం చదువుతోపాటు స్త్రీలకు సైకిలు తొక్కుట నేర్పినది. రాతిగనుల కూలీలు, అంగన్‌వాడీ కార్యకర్తలు, ఉపాధ్యాయినులు ఎగతాళి లెక్కచేయక తొక్కినారు. బస్సు కొరకు, తండ్రి కొరకు, భర్త కొరకు కాచుకొనే గంటలు వారికి మిగిలినవి. పనికి పోవు దారి తన అధీనంలో ఉండుట ఎంత పెద్ద స్వేచ్ఛయో వారి అనుభవం చెప్పినది.

సైకిలుకు హోదా కొరవడినదని భావించేవారు ఒక సంగతి జ్ఞాపకముంచుకొనదగును. 1952లో రాజ్యసభకు ఎన్నికైన పుచ్చలపల్లి సుందరయ్య పార్లమెంటుకు సైకిలుపై పోవుట తెలుగువారు తరతరాలుగా చెప్పుకొన్న విషయం. నెల్లూరుసీమలో భూవసతిగల ఇంట పుట్టినవాడు, ప్రతిపక్ష నాయకుడు, గుమాస్తాల నడుమ గుమాస్తావలె తొక్కుకొంటూ శాసనసభామందిరం చేరినాడు. అతనికది ప్రదర్శన కాదు. కొలువుకు పోవు దారి.

1980 దశకంలో గాలి మారినది. 1982 ఆసియా క్రీడల కొరకు ఢిల్లీలో వంతెనదారులు లేచినవి. 1983లో మారుతి కారు వెలువడినది. 1984లో సైకిళ్ళవారైన హీరో సంస్థయే జపాను హోండాతో కలిసి మోటారుసైకిళ్ళ కంపెనీ స్థాపించినది. గుమాస్తా స్కూటరెక్కినాడు. సైకిలు మేస్త్రీకి, కావలివానికి, పాలవానికి, పత్రికలు వేసే కుర్రవానికి మిగిలినది. తొక్కేవాడు పేదవాడైనకొలది రోడ్డుపై అతని మాట చెల్లుట తగ్గినది. కలకత్తాలో 2008లో కొన్ని రోడ్లపై సైకిలును నిషేధించినారు. 2013లో ఆ నిషేధాన్ని 174 రోడ్లకు విస్తరించి, నిరసనలు చెలరేగగా సంఖ్య తగ్గించినారు. ఢిల్లీలో 2008లో అంబేద్కర్‌నగర్ నుండి మూల్‌చంద్ వరకు బస్సులకు, సైకిళ్ళకు వేర్వేరు దారులు వేసినారు. కార్లకు ఇరుకైనదన్న గోల మిన్నుముట్టినది. 2016లో ఆ బస్సుదారిని తొలగించినారు.

ఇంతకూ ఆ మనిషి కనుమరుగైనాడా? 2011 జనాభా లెక్కలు లేదనినవి. వ్యవసాయం, గృహపరిశ్రమ మినహా ఇతర పనులు చేసేవారిలో సుమారు 2 కోట్ల 60 లక్షలమంది సైకిలుపైనే పనికి పోయినారు. కారులో పోయినవారు అందులో నాల్గవవంతు కూడ లేరు. 2020లో మహమ్మారి కాలాన రైళ్ళు, బస్సులు ఆగిపోయినప్పుడు, నగరాలు కట్టిన కూలీలు ఎందరో పాత సైకిళ్ళు కొనుక్కొని వందలమైళ్ళ దూరానగల స్వగ్రామాలకు తొక్కుకొంటూ పోయినారు. కొలువుకు పోయిన బండియే కొలువు పోయిననాడు ఇల్లు చేర్చినది.

ప్రభుత్వపు జమాఖర్చుల్లో కూడ ఈ చరిత్ర గుర్తులు ఉన్నవి. ఏడవ వేతన సంఘపు సిఫారసులననుసరించి 2016లో కేంద్రోద్యోగుల సైకిలు అడ్వాన్సు రద్దయినది. నెలసరి సైకిలు భత్యాన్ని కూడ తీసివేయుమని ఆ సంఘమే సూచించినది. కాని 2017లో ప్రభుత్వం, తపాలా, రైల్వే శాఖలవారికి ఆ భత్యాన్ని నిలిపి, 90 రూపాయలనుండి 180కి పెంచినది. ఉత్తరం ఇల్లిల్లూ చేరవలెనంటే ఎవరో ఒకరు తొక్కవలెనని ఒప్పుకొనక తప్పలేదు. ఆ తొక్కేవానికి భత్యంతోపాటు రోడ్డు ప్రక్క రెండుగజాల నిర్భయమైన దారి కూడ బాకీ ఉన్నదని మన నగరపాలకులు ఇంకను ఒప్పుకొనవలసి ఉన్నది.